గని ఒకరిది, దారి ఎవరిది?

విశాఖపట్నంలో తెల్లవారి కిరండూల్ ప్యాసింజరు ఎక్కి ఒక్కసారైనా అరకు లోయకు వెళ్ళని వారు మన సంస్థలో అరుదు. శృంగవరపుకోట దాటిన పిదప బండి కొండ ఎక్కనారంభిస్తుంది. ఒకదాని వెనుక ఒకటిగా సొరంగాలు వస్తాయి, ప్రతి సొరంగంలోనూ పిల్లలు కేకలు పెడతారు. ఇంతలో ఏదో ఒక చిన్న స్టేషనులో బండి నిలిచిపోతుంది. ఎదురుగా ఇనుప ఖనిజం నింపుకొన్న గూడ్సు వస్తున్నదట, దానికి దారి ఇవ్వాలట. అరగంట గడిచేసరికి ఫలహారాల డబ్బాలు ఖాళీ అవుతాయి. "మనుషులను ఆపి మట్టిని పంపడమేమిటి?" అని ఎవరో ఒకరు విసుక్కుంటారు. మేమూ ఒకప్పుడు అలాగే విసుక్కున్నాము. ఆ ప్రశ్నకు సమాధానం ఆ మార్గం పుట్టుకలోనే ఉన్నదని తరువాత తెలిసింది. ఆ దారి వేసింది మట్టి కోసమే. మనుషులు ఎక్కడం తరువాతి మాట.

1950ల ద్వితీయార్ధంలో జపాన్ ఉక్కు కర్మాగారాల దృష్టి బైలదిల కొండల మీద పడింది. యుద్ధానంతరం శరవేగంగా పెరుగుతున్న ఆ పరిశ్రమకు మేలురకం ఇనుప ఖనిజం కావలసి ఉండగా, బస్తరు అడవులలో అది కొండలుగా పడి ఉన్నది. 1958లో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1960లో జపాన్‌తో దీర్ఘకాలిక ఎగుమతి ఒప్పందం కుదిరింది. ఖనిజాన్ని సముద్రానికి చేర్చడానికి మన రైల్వేలు కొత్తవలస నుండి కిరండూల్ వరకు సుమారు 446 కిలోమీటర్ల బ్రాడ్‌గేజి మార్గం నిర్మించాయి. తూర్పు కనుమలను తొలచి, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న సిమిలిగుడ మీదుగా పట్టాలు వేశారు. 1968లో బైలదిల 14వ నిక్షేపం నుండి ఖనిజం రావడం మొదలైంది. పెద్ద ఓడలు ఆగడానికి విశాఖలో బాహ్య నౌకాశ్రయం 1976లో సిద్ధమైంది. కొండ మీది గని, కనుమలలోని రైలు, తీరాన రేవు, వీటన్నింటినీ కదిలించినది ఆవలి ఒడ్డున ఉన్న ఒక కొనుగోలుదారుని అవసరమే.

ఈ కథను ఇక్కడ ప్రస్తావించడానికి కారణం ఉన్నది. ఖనిజ సంపద గల వర్ధమాన దేశాలలో విదేశాలు పెడుతున్న పెట్టుబడులను గూర్చి నేడు పత్రికలలో చర్చ జరుగుతున్నప్పుడల్లా మనము బయటినుండి చూస్తున్నవారివలె మాట్లాడుతాము. నిజానికి ఆ బల్లకు రెండు వైపులా కూర్చున్న అనుభవం మనకున్నది. ఒకప్పుడు ఖనిజం అమ్మేవారి కుర్చీలో, ఇటీవల ఖనిజం కోసం వెళ్ళేవారి కుర్చీలో. ఈ రెండవ కుర్చీ కథ ఆఫ్రికాలోని మొజాంబిక్‌లో జరిగినది. ఈ మాసం దానినే కొంత వివరంగా చెప్పదలచాము.

అంతకుముందు ఒక చిన్న లెక్క. రాగి పలకల టన్ను ధర వేల డాలర్లలో ఉంటుంది. అది లారీ మీద రెండు మూడు దేశాలు దాటి రేవుకు చేరినా గిట్టుబాటు కావచ్చు. బొగ్గు, ఇనుప ఖనిజం అటువంటివి కావు. టన్ను ధర వంద డాలర్లకు అటూ ఇటూ ఊగే సరుకును అయిదారు వందల కిలోమీటర్లు మోయాలంటే రైలు తప్ప దారి లేదు. అందుచేత బొగ్గు గని కొనడమంటే నిజంగా కొనవలసినది రైలు మార్గంలో స్థానాన్ని. నేలలో ఉన్న బొగ్గు ఎన్ని కోట్ల టన్నులన్నది నివేదికలలో పెద్ద అక్షరాలతో ఉంటుంది. రోజుకు ఎన్ని బండ్లు నడుస్తాయన్నది అనుబంధంలో ఉంటుంది. ఈ వ్యాపారంలో నష్టపోయినవారిలో చాలామంది అనుబంధం చదవనివారే.

మొజాంబిక్ 1975 జూన్ 25న పోర్చుగీసు పాలన నుండి విముక్తి పొందింది. రెండేళ్ళకే అంతర్యుద్ధం మొదలై 1992 వరకు సాగింది. దేశానికి వాయవ్యాన తేతె రాష్ట్రంలో, మొఆతీజె పరిసరాలలో మేలైన కోకింగ్ బొగ్గు ఉన్నది. అక్కడి నుండి బైరా రేవుకు సుమారు 575 కిలోమీటర్లు. దీనిని సేనా మార్గం అంటారు. జాంబెజీ నది మీద మూడున్నర కిలోమీటర్లకు పైగా పొడవున్న దోనా అనా వంతెన ఈ దారిలోనిదే. అంతర్యుద్ధకాలంలో ఆ వంతెనను పేల్చివేశారు, పట్టాలను ధ్వంసం చేశారు. శాంతి నెలకొన్న తరువాత కూడా చాలా ఏళ్ళు ఆ దారిలో రైలు నడవలేదు.

దానిని పునరుద్ధరించే బాధ్యత ఎవరికి దక్కిందో మన పాఠకులలో కొందరికి తెలిసే ఉంటుంది. మన ప్రభుత్వరంగ సంస్థలైన రైట్స్, ఇర్కాన్ కలిసి ఏర్పరచిన రికాన్ కూటమికి 2004లో 25 ఏళ్ళ రాయితీ లభించింది. కొత్త కంపెనీలో 51 శాతం కూటమిది, 49 శాతం మొజాంబిక్ ప్రభుత్వ రైల్వే సంస్థ సి.ఎఫ్.ఎం.ది. ప్రపంచ బ్యాంకు రుణం తోడయింది. భారతీయ ఇంజనీర్లు అడవులలో, మందుపాతరలు ఉన్న నేలలో పనిచేశారు. కాని పనులలో జాప్యం, నాణ్యత అనే విషయాలపై ప్రభుత్వానికీ కూటమికీ విభేదాలు వచ్చాయి. చివరకు ప్రభుత్వం రాయితీని రద్దు చేసి మార్గాన్ని సి.ఎఫ్.ఎం. చేతికి ఇచ్చింది. తప్పు ఎవరిదన్న విషయంలో ఉభయుల వాదనలు వేరువేరు. వాటిలో తీర్పు చెప్పే అధికారం మాకు లేదు. మా దృష్టికి వచ్చిన విషయం మరొకటి. ఆ మార్గాన్ని తలపెట్టినప్పుడు చక్కెర, సిమెంటు, కలప, కొంత బొగ్గు, ప్రయాణికులు నడిచే దారిగా తలపెట్టారు. అదే 2004లో బ్రెజిల్ దేశపు వాలె సంస్థకు మొఆతీజె గని హక్కులు దక్కాయి. గని ఆశలు ఏటికేడు పెరిగాయి. పట్టాల సామర్థ్యం మాత్రం పాత అంచనా దగ్గరే ఉండిపోయింది. ఇల్లు కట్టడం మొదలుపెట్టిన తరువాత ఇంటి యజమాని మరో రెండంతస్తులు కావాలంటే మేస్త్రీ ఏమి చేయగలడు?

ఇక రియో టింటో సంగతి. ఆ ప్రఖ్యాత గనుల సంస్థ 2011లో రివర్స్‌డేల్ అనే ఆస్ట్రేలియా కంపెనీని సుమారు 370 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. బెంగా గని ఆ విధంగా దాని చేతికి వచ్చింది. బొగ్గును జాంబెజీ నది మీద పడవలలో దించి సముద్రానికి చేర్చవచ్చునన్నది లెక్కలోని ముఖ్యమైన ఊహ. మొజాంబిక్ ప్రభుత్వం పర్యావరణ కారణాలపై అందుకు అనుమతి నిరాకరించింది. సేనా మార్గంలో చోటు చాలదు. 2013 జనవరిలో రియో టింటో ఈ ఆస్తి విలువను సుమారు 300 కోట్ల డాలర్ల మేరకు తగ్గించి రాసుకొన్నది. అల్యూమినియం వ్యాపారంలో వచ్చిన మరింత పెద్ద నష్టంతో కలిపి అప్పుడే సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారి పదవి వదలవలసి వచ్చింది. 2014లో ఆ గని చేతులు మారింది. కొన్నది మన ఐ.సి.వి.ఎల్. అనగా సెయిల్, విశాఖ ఉక్కు, ఎన్.ఎం.డి.సి. మొదలైన ప్రభుత్వరంగ సంస్థలు విదేశాలలో బొగ్గు సంపాదించడానికి ఏర్పరచుకొన్న కంపెనీ. ధర 5 కోట్ల డాలర్లు.

ఆ వార్త వచ్చిన రోజు మా కార్యాలయంలో మిఠాయిలు పంచకపోయినా సంతోషం కనిపించింది. 370 కోట్లకు కొన్నవాడు 5 కోట్లకు ఇచ్చిపోయాడంటే బేరం మనదేనని అనుకొన్నాము. దేశానికి కావలసిన కోకింగ్ బొగ్గులో అధికభాగం దిగుమతి చేసుకొంటున్నాము. తీరాన ఉన్న ఉక్కు కర్మాగారానికి సొంత గని ఉంటే అంతకంటే కావలసిందేమిటి? ఒక పెద్దాయన మాత్రం, "అంత చవకగా వచ్చిన గేదె పాలు ఇస్తుందో లేదో అడగండి" అన్నాడు. నవ్వి ఊరుకొన్నాము. 2011లో త్రైమాసిక ఒప్పందాలలో టన్నుకు 330 డాలర్ల వరకు పలికిన కోకింగ్ బొగ్గు, 2016 తొలి మాసాల నాటికి 80 డాలర్ల దగ్గరకు పడిపోయింది. బెంగాలో తవ్వకం 2015 చివరలో నిలిపివేయవలసి వచ్చింది. ధర కోలుకొన్న తరువాత మళ్ళీ మొదలైంది. దారి ఖర్చు మాత్రం ధరతోపాటు పడిపోదు. రైలు కిరాయి, రేవు కిరాయి, రేవులో ఓడ వేచి ఉన్న రోజుల జరిమానా, ఇవేవీ ప్రపంచ విపణిని చూసి తగ్గవు.

వాలె సంస్థ మరో మార్గం పట్టింది. ఇతరుల పట్టాల మీద ఆధారపడటం ఎందుకని మలావీ దేశం గుండా నకాలా రేవుకు 912 కిలోమీటర్ల మార్గం సిద్ధం చేసింది. కొంత కొత్తగా వేసింది, కొంత పాతదానిని బాగుచేసింది. జపాన్‌కు చెందిన మిత్సుయి 2017లో 70 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి భాగస్వామి అయింది. అదే ఏడాది జపాన్ బ్యాంకు, ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు తదితరుల నుండి సుమారు 270 కోట్ల డాలర్ల రుణం సమకూరింది. ఏటా 2.2 కోట్ల టన్నులు తీయగల గని అన్నారు. అంత బొగ్గు ఏనాడూ రాలేదు. 2021లో మిత్సుయి తన వాటాలను వాలెకు అప్పగించి వెళ్ళిపోయింది. గనిలోని వాటాకు ఒక డాలరు, రైలు మార్గంలోని వాటాకు ఒక డాలరు ధర కట్టారు. తరువాత వాలె సైతం తన గనిని, కారిడారును జిందాల్ కుటుంబానికి చెందిన వల్కన్ సంస్థకు 27 కోట్ల డాలర్లకు అమ్మి 2022లో వైదొలగింది. ఈ విధంగా తేతె బొగ్గులో పెద్ద భాగం నేడు భారతీయుల చేతిలోనే ఉన్నది, కొంత ప్రభుత్వరంగంలో, కొంత ప్రైవేటురంగంలో.

పెట్టుబడిదారులు వచ్చారు, నష్టపోయారు, పోయారు. లెక్కలు రాసుకొని కొట్టివేసే సౌకర్యం వారికున్నది. అది లేనివారు కొందరున్నారు. మొఆతీజె గని కోసం పదమూడు వందలకు పైగా కుటుంబాలను వాలె తరలించింది. వారిలో రైతులను దూరాన ఉన్న కాతెమెలో ఉంచింది. రాతి నేల, నీటి కొరత, సంత దూరం, బీటలు వారిన గోడలు. 2012 జనవరిలో కాతెమె ప్రజలు రైలు పట్టాలను దిగ్బంధించి బొగ్గు బండ్లను ఆపివేశారు. పోలీసులు వచ్చి చెదరగొట్టారు. బెంగా గని నిర్వాసితులకు ముఅలాద్జి అనే చోట ఇళ్ళు కట్టారు. ఆ గనితోపాటు ఆ బాధ్యత కూడా మన సంస్థలకు వారసత్వంగా వచ్చింది. కొనుగోలు పత్రంలో అయిదు కోట్ల డాలర్ల పక్కన ఆ పంక్తి కూడా ఉన్నదని మనలో ఎంతమంది గమనించారు?

ప్రభుత్వరంగ టౌన్‌షిప్పులలో నివసించే మనకు 'నిర్వాసితుడు' అన్న మాట కొత్త కాదు. మా విభాగంలోనే ఒక మిత్రుడున్నాడు. కర్మాగారం కోసం ఊరు ఇచ్చిన కుటుంబంలోని మూడవ తరం అతడు. తాతకు నష్టపరిహారం, తండ్రికి ఉద్యోగం, తనకు పోటీ పరీక్ష. కాతెమె సంగతి చెప్పినప్పుడు అతడు అడిగిన మొదటి ప్రశ్న, "వాళ్ళ పిల్లలకు గనిలో పని ఇచ్చారా?" అని. ఇళ్ళు ఎలా ఉన్నాయని కాదు, పరిహారం ఎంతని కాదు. అతడు అడిగినది ఆ ఊరి దాకా వెళ్ళి చూచినవారు సైతం మొదట అడగవలసిన ప్రశ్న అని మాకు తోచింది. యంత్రాలతో తవ్వే ఉపరితల గనికి వేలమంది కూలీలు అక్కరలేదు. నిర్మాణ దశలో పని దొరుకుతుంది, బొగ్గు రావడం మొదలైన తరువాత అది తగ్గిపోతుంది. ఊరు చూసేసరికి బండ్లు మాత్రం వెళ్తూ ఉంటాయి.

దీనికి భిన్నమైన పద్ధతి మధ్య ఆఫ్రికాలో కనిపిస్తుంది. కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం 2008లో చైనా సంస్థలతో సికోమిన్ ఒప్పందం చేసుకొన్నది. కొల్వేజి ప్రాంతపు రాగి, కోబాల్టు ఒకవైపు. రోడ్లు, ఆసుపత్రులు మరొకవైపు. మొదట 900 కోట్ల డాలర్ల మాట. అప్పుల భారంపై అంతర్జాతీయ ద్రవ్యనిధి అభ్యంతరం చెప్పిన మీదట అది 600 కోట్లకు దిగింది, సగం గనికి, సగం మౌలిక సదుపాయాలకు. గనిలో 68 శాతం చైనా పక్షానిది, 32 శాతం కాంగో ప్రభుత్వ సంస్థ జెకమీన్‌ది. 2023 ఫిబ్రవరిలో కాంగో ఆర్థిక తనిఖీ విభాగం నివేదిక వెలువరించింది. పదిహేనేళ్ళలో మౌలిక సదుపాయాలపై ఖర్చయినది 82.2 కోట్ల డాలర్లు మాత్రమేనని అందులో తేలింది. 2024లో ఒప్పందాన్ని సవరించి మౌలిక సదుపాయాల మొత్తాన్ని 700 కోట్లకు పెంచారు. అయితే ఏటా వచ్చే సొమ్మును రాగి ధరకు ముడిపెట్టారు. ధర దిగితే రోడ్డు ఆగవచ్చు. వస్తుమార్పిడి బేరంలో మన వస్తువును తూకం వేసినంత జాగ్రత్తగా అవతలివాని వస్తువును కూడా తూచాలని సంతకు వెళ్ళే ఏ గృహిణి అయినా చెబుతుంది. కాంగోలో ఆ రెండవ తూకం పదిహేనేళ్ళు ఆలస్యమైంది.

సొంతం చేసుకొన్నంత మాత్రాన కూడా సరిపోదు. టాంజానియా, జాంబియాల మధ్య 1,860 కిలోమీటర్ల టజారా మార్గాన్ని 1970-75 మధ్య చైనా వడ్డీ లేని రుణంతో నిర్మించి 1976లో అప్పగించింది. జాంబియా రాగి నాటి జాత్యహంకార రొడీషియా గుండా పోనక్కరలేకుండా సముద్రం చేరాలన్నది ఉద్దేశం. పాశ్చాత్య దేశాలు, ప్రపంచ బ్యాంకు గిట్టదన్న పని అది. మార్గం రెండు దేశాలకు సమాన వాటాలలో దక్కింది, ప్రయాణికుల బండ్లు కూడా నడిచాయి. కాని ఏటా 20 లక్షల టన్నుల సామర్థ్యాన్ని అది ఎన్నడూ అందుకోలేదు. ఇంజన్లు పాడయ్యాయి, విడిభాగాలు రాలేదు, రాగి లారీలెక్కింది. దాని పునరుద్ధరణకు 2024 సెప్టెంబరులో బీజింగ్‌లో మూడు దేశాలు అవగాహనపత్రంపై సంతకాలు చేశాయి. వేసిన చేతికే బాగుచేసే పని మళ్ళీ వచ్చింది.

విదేశీ ధనంపై ఆధారపడి మధ్యలో చేయి జారిన అనుభవం మన దేశానికీ ఉన్నది. కర్ణాటకలోని కుద్రేముఖ్ గని కోసం 1975లో ఇరాన్ 63 కోట్ల డాలర్ల రుణం ఇవ్వడానికి, ఏటా 75 లక్షల టన్నుల ఖనిజసారం కొనడానికి అంగీకరించింది. 25.5 కోట్లు ఇచ్చిన తరువాత సొమ్ము ఆగిపోయింది, 1979 విప్లవంతో కొనుగోలు మాటా పోయింది. రుణదాత, కొనుగోలుదారు ఒక్కరే అయినప్పుడు వచ్చే ప్రమాదం ఇదే: ఒక తలుపు మూసుకొంటే రెండూ మూసుకొంటాయి. మిగిలిన ఖర్చు మన ప్రభుత్వం భరించి 1980లో గనిని పూర్తిచేసింది. ఖనిజానికి వేరే కొనుగోలుదారులను వెదకుకొన్నది, మంగళూరులో గుళికల కర్మాగారం పెట్టింది. సుప్రీంకోర్టు ఉత్తర్వు మేరకు 2005 చివరితో అక్కడ తవ్వకం ముగిసింది.

ఇప్పుడు మరల కిరండూల్ మార్గానికి వస్తే, జపాన్ ఖనిజం కొన్నది కాని పట్టాలు మన రైల్వేల సొత్తుగానే ఉన్నాయి. కనుకనే విశాఖ ఉక్కు కర్మాగారం వచ్చినప్పుడు అదే మార్గంలో బైలదిల ఖనిజం దాని కొలిమికి చేరింది. జపాన్ కోసం వేసిన దారికి ఇంట్లోనే మరో గిరాకీ పుట్టింది. ఒప్పందం రాసినవారు ఇదంతా ముందే ఊహించారని మేము అనము. దారి ఎవరి చేతిలోనైనా ఉండి ఉండవచ్చు కదా, మన చేతిలో ఉంచినవారి మాట మాత్రం చెప్పుకోవాలి. అయితే ఆ కొండల గిరిజనులకు ఆ దారి వలన దక్కినదెంత అన్న లెక్క వేరే ఉన్నది. అరకు వరకు అద్దాల పెట్టెలు 2017లో వచ్చాయి. అవి సందర్శకుల కోసం వచ్చాయి.

ఈ వరుసలో అన్నిటికంటె కొత్తది గినీ దేశపు సిమాండూ. అక్కడి ఇనుప ఖనిజాన్ని పొరుగున ఉన్న లైబీరియా రేవుకు పంపితే దారి దగ్గర. గినీ ప్రభుత్వం ఒప్పుకోలేదు. తన నేల మీదుగానే, తన తీరంలోని మోరెబాయా వరకు, ఆరు వందల కిలోమీటర్లకు పైగా మార్గం వేయాలని పట్టుబట్టింది. రెండు గనుల సంస్థల కూటములు వేరువేరుగా కాక ఒకే పట్టాలు, ఒకే రేవు వాడుకోవాలన్నది, అందులో తనకు 15 శాతం వాటా కోరింది. ఈ పట్టుదలతో ఏళ్ళు గడిచాయి, పనులు ఆగాయి, విమర్శలు వచ్చాయి. 2025 నవంబరులో ప్రారంభోత్సవం జరిగింది. తొలినాళ్ళ ఖనిజం ప్రధానంగా చైనా ఉక్కు కొలుములకే వెళుతుంది.

తేతెలో గాని, సేనా మార్గం పనులలో గాని డెప్యుటేషన్‌పై పనిచేసి వచ్చిన మిత్రులు మన సంస్థలోనూ, సోదర సంస్థలలోనూ ఉన్నారని విన్నాము. వారు తమ అనుభవాలను రాసి పంపితే ఈ శీర్షికలోనే ప్రచురిస్తాము. ముఖ్యంగా ముఅలాద్జికి వెళ్ళి చూచినవారు ఉంటే, మా విభాగంలోని మిత్రుడు అడిగిన ప్రశ్నకు సమాధానం తెలియజేయ ప్రార్థన.